ఇరవై నాలుగో నోటుపుస్తకం

బుధవారం పొద్దున్నే, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, టీచరమ్మ భోజనాల బల్ల మీద నోటుపుస్తకాలు లెక్కపెట్టింది. ఇరవై నాలుగున్నాయి. అనుమానమొచ్చి మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ ఇరవై నాలుగే. ట్యూషన్‌కి వచ్చే పిల్లలు చూస్తే ఇరవై ముగ్గురు.

రిటైరై ఆరేళ్లయినా ఆవిడ ఇంగ్లీషు గ్రామరు చెప్పడం మానలేదు. సాయంత్రం అయిదయ్యేసరికి ముందుగది పిల్లలతో నిండిపోతుంది. యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి, డైరెక్ట్ స్పీచ్‌ని ఇండైరెక్ట్‌లోకి మార్చడం ఆవిడ చెప్పినట్టు ఇంకొకరు చెప్పలేరని ఆ వీధంతా ఒప్పుకుంటుంది. ఎర్ర పెన్ను చేతిలో ఉంటే మాత్రం ఎంతటివాళ్లనైనా వదలదు. పిల్లలు చాటుగా పెట్టిన పేరు కూడా ఎర్రపెన్నే. ఆ సంగతి ఆవిడకి తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

"రెండు నెలల నుంచీ చూస్తున్నాను," అంది కొడుకుతో. అతను బస్సు డిపోలో మెకానిక్కు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ వింటున్నాడు. "అట్ట మీద పేరుండదు. ప్రతివారం పేరేదని రాస్తాను. ఉలుకూ పలుకూ లేదు. మొదటివారం ఇరవైకి రెండు మార్కులు. దేకీ దేకీ ఇప్పటికి ఎనిమిదికొచ్చాడు. ఆ మొద్దు ఎవరో ఇవాళ తేల్చేస్తాను."

వంటింట్లో టిఫిన్ బాక్సులు సర్దుతున్న కోడలు అక్కణ్నుంచే అడిగింది. "అంత మొద్దా అత్తయ్యా?"

"మామూలు మొద్దా? ఒక్కో తప్పుకీ సున్నా చుట్టి చుట్టి నా పెన్ను ఖాళీ అయిపోతోంది. ఇలాంటివాళ్లకి గ్రామరెందుకు చెప్పు? హాయిగా బట్టలుతుక్కుని బతకచ్చుగా."

నవ్వబోయిన కొడుకు ఆగిపోయాడు. అతని పెళ్లాం పనిచేసేది ఆసుపత్రి లాండ్రీలో. టీచరమ్మకి మాత్రం తనేమందో తట్టనే లేదు. అప్పటికే ఎర్ర పెన్ను మూత తీసి, ఆ పేరు లేని పుస్తకంలో, రేపటి నుంచి క్లాసుకి రావద్దని పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాసేస్తోంది. రాసి, మిగతావాటిని ఎప్పట్లా అలమారలో సర్ది, దాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

కోడలు బాక్సు తీసుకుని చెప్పులేసుకుంది. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడి అలమారకేసి చూసింది. డ్యూటీకి వెళ్లిపోయింది.

సాయంత్రం పిల్లలొచ్చారు. ఎవరి పుస్తకం వాళ్లు తీసుకున్నారు. టీచరమ్మ మిగిలిన పుస్తకం ఎత్తి చూపించి, "ఎవరిదర్రా ఇది? చెప్తే తిట్టను," అంది. ఆవిడ తిట్టనంటే నమ్మేవాళ్లు ఆ గదిలో లేరు గానీ, నిజంగానే అది ఎవరిదీ కాదు. "ఆ రాత మాలో ఎవరిదీ కాదు టీచర్," అని ముందు వరసలో పిల్ల తేల్చేసింది.

పిల్లలు వెళ్లాక ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని కూర్చుంది. ప్రతివారం ఇచ్చే అభ్యాసంలో, సొంతంగా అయిదు వాక్యాలు రాసి వాటిని మార్చాలి. ఏదైనా ఆనవాలు దొరుకుతుందేమోనని ఆ వాక్యాలు చదవడం మొదలుపెట్టింది.

రక్తం మరక వేణ్ణీళ్లలో పోదు, చన్నీళ్లలో నానబెట్టాలి. ఇవాళ ముప్పై రెండు దుప్పట్లు నా చేత ఉతకబడ్డాయి. పిల్లల వార్డు దుప్పట్లు చిన్నవి, నేను వాటిని విడిగా మడత పెడతాను. బ్లీచింగు నీళ్లు నా చేతులని కొరుకుతున్నాయి. అత్తగారు టీలో పంచదార వేసుకోరు.

పేజీ అంతా ఎర్ర సున్నాలే. అన్నీ ఆవిడ చుట్టినవే. ఇక్కడ క్రియ తప్పు, అక్కడ కాలం తప్పు. ఆ వాక్యాల్లో ఏముందో మాత్రం ఇప్పుడే చూస్తోంది. వెనక్కి తిప్పింది. రెండో వారంలో ఇంకొకటి: స్టోరు ఇన్‌ఛార్జి పరీక్ష సోమవారం, వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది. దాని పక్కన ఆవిడ చేత్తోనే రాసి ఉంది, ఏ సోమవారం అని.

పొద్దున తనన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

కోడలు వచ్చేసరికి పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. ఇంత జరిగినా టీచరమ్మ నోట ముందొచ్చింది కోపమే. "ఇంట్లోనే ఉన్నాను కదా. నన్నడగడానికి నోరు రాలేదా నీకు? దొంగచాటుగా పెట్టాల్సిన ఖర్మేంటి?"

కోడలు సంచీ కింద పెట్టింది. "అడిగాను అత్తయ్యా. పెళ్లయిన కొత్తలో. సెలవు చీటీ ఇంగ్లీషులో రాసి, చూసిపెట్టమని ఇచ్చాను. గుర్తుందా?"

టీచరమ్మకి గుర్తులేదు.

"దాన్ని మీరు బోర్డుకి అంటించారు. ఒక్క కాగితంలో పద్నాలుగు తప్పులు ఎలా చెయ్యచ్చో చూడండని పిల్లలకి చూపించారు. గదంతా ఒకటే నవ్వు. నేను నీళ్లిద్దామని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. పేరు మాత్రం చెప్పలేదు మీరు. అందుకే ఈసారీ పేరు లేకుండానే వచ్చాను. పేరు లేకపోతే, ఆ తిట్లు ఇంకెవరివో అనుకోవచ్చు కదా."

"మరి ఇంకో చోట నేర్చుకోవాల్సింది," అంది టీచరమ్మ నెమ్మదిగా.

"మీకంటే బాగా ఎవరు చెప్తారు? తలుపవతల గిన్నెలు తోముతూ మీ పాఠాలు విన్నాను. మంగళవారం పిల్లల పుస్తకాల్లో నాదీ కలిపేదాన్ని, బుధవారం వెళ్తూ వెళ్తూ తీసుకునేదాన్ని. ఆ పరీక్షలో ఇంగ్లీషే అడుగుతారు. పాసైతే స్టోరు గదిలో రాతపని. లేకపోతే ఈ చేతులతో ఇంకెన్నాళ్లో చెయ్యలేనని డాక్టరు చెప్పేశాడు." బల్ల మీది పుస్తకంలో పెద్ద ఎర్ర అక్షరాలకేసి చూసింది. "ఈ సోమవారం పరీక్షకి వెళ్లను లెండి. మీరే రాశారుగా, రావద్దని."

అప్పుడు టీచరమ్మ లేచి కోడలి చేతులు పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. రోజూ టీ అందించే చేతులే ఇవి. ఇన్నాళ్లూ కప్పు అందుకుంది తప్ప చేతులకేసి చూడలేదు.

"రెండు నెలలు నీ పుస్తకం దిద్దాను," అంది. "ఒక్కరోజూ చదవలేదమ్మా. పొద్దున ఎంత మాటన్నాను."

ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. డ్యూటీ నుంచి వచ్చిన కొడుకు గుమ్మంలో నిలబడి కాసేపు అయోమయంగా చూసి, వెళ్లి తనే టీ పెట్టాడు. అందులో పంచదార ఎక్కువేశాడు. టీచరమ్మ కిమ్మనకుండా తాగేసింది.

మర్నాటి నుంచి నాలుగు రోజులు ట్యూషన్ పిల్లలకి సెలవు. ఎర్ర పెన్ను సొరుగులోకి వెళ్లింది, పెన్సిలు బయటికొచ్చింది. గిన్నెలు అత్తగారు తోమింది, కోడలు బల్ల ముందు కూర్చుంది. సింకు దగ్గర్నుంచే పాఠం సాగింది. కోపం మాత్రం ఒక్కసారిగా పోతుందా? శనివారం ఒకే తప్పు నాలుగోసారి వచ్చేసరికి టీచరమ్మ చేతిలో గిన్నె కాస్త గట్టిగానే మోగింది. "అంటే తప్పేనన్నమాట," అని కోడలు నవ్వి చెరిపేసింది.

ఆ పరీక్షలో ఆమెకి ఇరవైకి పదమూడు వచ్చాయి. పన్నెండొస్తే చాలు. ఆ సంగతి తెలిసింది రెండు వారాల తర్వాత. ఇంట్లోవాళ్లకి మాత్రం పరీక్ష రాసిన సోమవారం సాయంత్రమే ఎక్కువగా గుర్తుండిపోయింది.

కోడలు వీధి మలుపు తిరిగేసరికి టీచరమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. పరీక్ష రాసొచ్చిన పిల్లల్ని ఆవిడ నలభై ఏళ్లుగా అడుగుతున్నది ఒకటే ప్రశ్న, ఎన్ని తప్పులు చేశావని. కోడలు ఆ ప్రశ్నకి సిద్ధపడే వచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, "మూడు తప్పు పోయాయనుకుంటా అత్తయ్యా..." అని మొదలుపెట్టింది.

"అవి తర్వాత," అంటూ టీచరమ్మ పక్కకి జరిగి మెట్టు మీద చోటిచ్చింది. "సొంత వాక్యాలు అయిదు అడిగి ఉంటారుగా. ఏం రాశావో చెప్పు, వింటాను."