దిగురా కల్వర్టు

దేవరయాంజాల్ దాటి మేడ్చల్ వైపు పోతుంటే ఒక కల్వర్టు వస్తుంది. దాన్ని అందరూ దిగురా కల్వర్టు అనేవారు. ఓవర్‌టేక్ గొడవలో బండి దిగి కలియబడ్డ డ్రైవరు ఒకడు అక్కడే ప్రాణం విడిచాడట. అప్పట్నుంచి చీకటి పడితే చాలు, బళ్ళు ఆపి "దిగురా" అని పిలుస్తాడట... దిగినవాడు మళ్ళీ బండెక్కడట. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ లేడు. అందుకే అక్కడ మూడుసార్లు హారన్ కొట్టాలి, ఎవరు పిలిచినా దిగకూడదు.

రెండువేల మూడులో కృష్ణారావుకి ఈ కథ చెప్పింది కాలనీవాళ్ళే. కోస్తా నుంచి వచ్చి మేడ్చల్‌లో కాపురం పెట్టిన ఉద్యోగి. దెయ్యాల మీద నమ్మకం లేదు గానీ, భయం మాత్రం దండిగా ఉంది.

ఆ రోజు ఆరేళ్ళ కూతురు అనూహ్యని కీసర గుడికి తీసుకెళ్ళి, కొత్త కారులో తిరిగొస్తున్నాడు. చీకటి పడ్డాక శామీర్‌పేటలో ఒక ముసలామె చెయ్యెత్తింది. ఆఖరి బస్సు వెళ్ళిపోయిందట, మేడ్చల్ దాకా రావాలట. జాలిపడి వెనక సీట్లో పాప పక్కన ఎక్కించుకున్నాడు. పేరడిగితే బుచ్చవ్వ అంది. ఊరడిగితే... కిటికీలోంచి చీకట్లోకి చూసింది.

కాసేపటికి అద్దంలో చూస్తే, నిద్రపోయిన పాప తల ఆవిడ ఒళ్ళో ఉంది. దెయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయంటారు. మెడ తిప్పి చూశాడు. చీర అంచు నేలదాకా కప్పేసింది.

కల్వర్టు వచ్చింది. ముందు ఒక ఇసుక లారీ నత్తనడక నడుస్తోంది. కృష్ణారావు కాలనీవాళ్ళు చెప్పినట్టే హారన్ కొట్టాడు — ఒకటి... రెండు... మూడు.

లారీ కీచుమని అడ్డంగా ఆగింది.

ఒకడు దిగాడు. చేతిలో ఇనుప రాడ్డు. దగ్గరికొచ్చి బానెట్ మీద ఒక్కటిచ్చాడు. కొత్త బండి సొట్టపోయింది.

"దిగురా!"

అదే పిలుపు! మనిషా... వాడేనా? కానీ సొట్ట చూస్తే భయాన్ని మించి కోపం పొంగింది. అరికాలి మంట నెత్తికెక్కి, తలుపు పిడి మీద చెయ్యేశాడు.

వెనకనుంచి భుజం మీద ఒక చల్లటి చెయ్యి పడింది.

"దిగకు బిడ్డా..."

బుచ్చవ్వ గుసగుసలాడింది. "అద్దం జర్రంత దించు. చేతులు స్టీరింగ్ మీద పెట్టు, వానికి కనబడాలె. తప్పయింది అన్నా అను."

"నా తప్పేముంది?"

"తప్పు ఎవలదైతేంది? పొల్ల పండుకున్నది సూడు."

కృష్ణారావు కూతురి ముఖం చూశాడు. పౌరుషం దిగమింగడం ఎంత కష్టమో ఆ క్షణాన తెలిసింది. అద్దం బెత్తెడు దించాడు.

"తప్పయిందన్నా... హారన్ మీకోసం కాదు. ఇక్కడ దెయ్యం ఉందంటే కొట్టాను. వెనక పాప నిద్రపోతోంది."

వాడు వంగి చూశాడు. ఎంతసేపు చూశాడో... రాడ్డు నెమ్మదిగా కిందికి దిగింది.

"దెయ్యమా? గీడనా?" అటూ ఇటూ చూసి, గబగబా లారీ ఎక్కాడు. మరుక్షణం లారీ లేదు.

మేడ్చల్ పెట్రోలు బంకు వెలుతురులో కారాపి కృష్ణారావు వెనక్కి తిరిగాడు.

"మీరు... మీరెవరు?"

"దయ్యమనుకున్నవా?" బుచ్చవ్వ బోసిగా నవ్వింది. "గా దయ్యాన్ని పుట్టిచ్చింది నేనే బిడ్డా. రోడ్డు మీద కొట్లాడకున్రి అంటె ఎవలింటరు? దయ్యమంటె దిగరు. యాడ కూసుంటె ఆడ గీ ముచ్చటే జెప్పిన."

"మరి మూడు హారన్లు?"

"అది నేను జెప్పలె. నడుమ ఎవడో కలిపిండు."

కృష్ణారావుకి నవ్వొచ్చింది. కానీ ఇంత పని చేసిందంటే కారణం ఉండాలి.

"అక్కడ పోయింది... మీ అబ్బాయా అమ్మా?"

ఆవిడ పాప తల మెల్లగా సీటు మీదికి దించి, తలుపు తీసుకుని దిగింది.

"కాదు బిడ్డా. సచ్చినోడు ఏ తల్లి కొడుకో... సంపినోడు నా కొడుకు."