తువ్వాలు కింద చెయ్యి

తెల్లవారి ఆరున్నరకే గంగాధరం చెయ్యి చాచాడు.

"ఏదే నా మాత్ర?"

జ్ఞానప్రసూనాంబ మినపగింజంత నల్లటి ఉండ ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని మింగి కాఫీ తాగి, రెండు చేతులూ చాపి చూసుకున్నాడు. వణుకు లేదు.

నల్లమందు ఆయనకు పన్నెండేళ్ల అలవాటు. పెద్దకొడుకు విషజ్వరంతో పోయిన ఏడాది నిద్ర కోసం మొదలుపెట్టాడు. దుకాణాల్లో అమ్మకం ఆపేసి, ఇకమీదట ఆస్పత్రి కార్డు ఉన్నవాళ్లకే, అదీ నెలనెలా తగ్గిస్తూ ఇస్తామని సర్కారు అన్నప్పుడు హడలిపోయాడు. ఆయనది మామిడి వ్యాపారం; తోట బేరం తువ్వాలు కింద, వేళ్లు పట్టుకుని ధర తెలుపుతూ సాగుతుంది. మందు చాలక చెయ్యి వణికితే అవతలివాడు మనసు చదివేస్తాడు.

చిన్నకొడుకు భానుమూర్తి హడావిడిగా వచ్చాడు.

"నాన్నా, చాట్రాయి తోట బేరం ఇవాళే. తోట ఆసామి రామచంద్రరావుగారే స్వయంగా కూర్చుంటారట." జేబులోంచి పొట్లం తీశాడు. "కార్డు మీద ఇచ్చేది ఏ మూలకి? చాటుగా తెప్పించాను. ఈ ఒక్కరోజుకీ ఇది వేసుకోండి."

ఆ వాసనకు గంగాధరం చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ప్రసూనాంబ అడ్డం నిలబడింది.

"అవతల పారెయ్ భానూ."

"నీకు బేరాల సంగతి తెలీదమ్మా."

"మాత్రల సంగతి తెలుసు." ఆమె భర్త వైపు తిరిగింది. "పదహారు రోజులుగా మీరు మింగుతున్నది కరక్కాయ పొడీ తేనేనండి. అందులో మందు లేదు."

గంగాధరం ముఖం పాలిపోయింది.

"నన్ను మోసం చేశావా?"

"ఆస్పత్రిలో డాక్టరు సువర్ణరాజుగారితో మొదటిరోజు ఏమన్నారు మీరు? ఎంత తగ్గిస్తున్నారో నాకు చెప్పొద్దు, తెలిస్తే అక్కడికక్కడే వణుకొస్తుందన్నారు. ఆయన కొలత తగ్గించారు, నేను పొడి కలిపాను. ఉండ మాత్రం చిన్నది చెయ్యలేదు."

"మరి ఈ నిద్ర ఎలా పడుతోంది?"

"గురువారం గురువారం డాక్టరుగారి ముందు కూర్చుని పెద్దాడి గురించి మాట్లాడి వస్తున్నారుగా. ఇంట్లో వాడి పేరు ఎత్తనిచ్చారా ఇన్నేళ్లూ?"

ఆయన వేళ్లు వణకసాగాయి. "చూశావా, చెప్పగానే వచ్చేసింది."

ఆమె ఆయన భుజం మీది తువ్వాలు లాగి, దాని కింద ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇది మందు వణుకు కాదు, భయం. ఊఁ, బేరం చెప్పండి."

కాసేపటికి ఆయన వేళ్లు కుదుటపడి, ఆమెవి నాలుగు వేళ్లు పట్టుకున్నాయి.

"ఆ రేటుకి మా తోట రాదండీ," అందామె.

గంగాధరం ఫక్కున నవ్వాడు. పొట్లం తీసుకుని స్వయంగా కాలవలో పడేసి మార్కెట్టుకు నడిచాడు.

తువ్వాలు కింద రామచంద్రరావు ఆయన వేళ్లు నొక్కాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు. చివరికి చెయ్యి లాక్కుని చెమట తుడుచుకున్నాడు.

"మీ చెయ్యేంటండీ, రాయిలా ఉంది? సరే, తోట మీదే."

గంగాధరం అటునుంచి అటే ఆస్పత్రికి వెళ్లి, బల్లమీద కార్డు పెట్టాడు.

"వచ్చే నెలకి రాయమంటారా?" అన్నాడు సువర్ణరాజు.

"వద్దు, నా పేరు కొట్టెయ్యండి."

డాక్టరు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని గంగాధరం అన్నాడు. "భానూ, చాట్రాయి రసాల్లో మొదటి బుట్ట ఆస్పత్రికి పంపు. చీటీ మీద మీ అన్న పేరు రాయి. మురళీకృష్ణ అని."

పన్నెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో వినబడిన ఆ పేరుకు, వడ్డిస్తున్న ప్రసూనాంబ చేతిలో గరిటె గడగడ వణికింది.