పదకొండో రేకు

బెంగాలీ వాళ్ళ కొత్త సంవత్సరం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకి సెలవు. పొద్దున సైరను కూయలేదు, గేటు దగ్గర సైకిళ్ళ తొక్కిసలాట లేదు. టెలిఫోను గదికి మాత్రం ఏ దేవుడి పండగైనా సెలవుండదు. ఎక్కడైనా నిప్పంటుకుంటే ఎవరో ఒకరు ఫోనెత్తాలి కదా! అందుకని తవిటయ్య మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కి, అన్నం డబ్బా కిటికీలో పెట్టి, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని బోర్డు ముందు కూర్చున్నాడు.

పద్నాలుగేళ్ళుగా ఆ బోర్డే అతని లోకం. వర్క్‌షాపులో ఒక్కో విభాగాన్నీ షాపంటారు, షాపుకొకటి చొప్పున ముప్పై చిన్న ఇత్తడి రేకులు. ఏ షాపులో ఫోను పిడి తిప్పితే ఆ షాపు రేకు టక్కుమని కిందికి పడుతుంది. తవిటయ్య తాడు గుచ్చి నంబరు అడుగుతాడు, అడిగిన చోటికి రెండో తాడు గుచ్చుతాడు, పడిన రేకుని బొటనవేలితో నొక్కి మూసేస్తాడు. అదీ ఉద్యోగం. ఆ బోర్డు నుంచి బయటికి వెళ్ళే లైను మాత్రం ఒక్కటే. ఆసుపత్రికైనా అదే, స్టేషనుకైనా అదే.

మలంచా బజారులో ఆర్థర్ దగ్గరికైనా అదే.

ఆర్థర్‌ది పైకి సైకిల్ షాపు. లోపల మట్కా. బొంబాయిలో ఎవరో చీటీలు తీస్తారు, రెండంకెలు వస్తాయి, ఖరగ్‌పూర్‌లో కొన్ని కొంపలు లేస్తాయి, కొన్ని కూలతాయి. మిగతా వాళ్ళు మఫ్లర్ తలకి చుట్టుకుని, అటూ ఇటూ చూసి, ఆ షాపు మెట్లెక్కాలి. తవిటయ్యకి ఆ బాధ లేదు. కుర్చీలోంచి లేవకుండా, జేబులో చెయ్యి పెట్టకుండా, ఫోనులో రెండంకెలు గొణిగితే చాలు. చేతిలో ఫోను ఉన్నవాడికి జూదానికి బజారు దాకా నడిచే సిగ్గు కూడా మిగలదు. నెలకి ఒకటి రెండుసార్లనుకున్నది రోజుకి మూడుసార్లయింది. ఆ కుర్చీలో కూర్చుంటే వేళ్ళు వాటంతటవే బయటి లైను తాడు మీదికి పోయేవి.

పోయినేడు సరిగ్గా ఈ రోజుల్లోనే ఆ పని జరిగింది.

మూడున్నరకి పందెం మూసేస్తారు. మూడూ ఇరవై అయింది. తవిటయ్య ఆర్థర్‌తో మాట్లాడుతున్నాడు. పదకొండో రేకు పడింది. పదకొండంటే వీల్ షాపు. ఫోర్‌మన్ టీకి కాంటీన్‌ని అడుగుతాడు కాబోలనుకుని బొటనవేలితో నొక్కేశాడు. మళ్ళీ పడింది. మళ్ళీ నొక్కాడు. మూడోసారి పడింది. "అబ్బ, ఒక్క నిమిషం ఓపిక లేదు వెధవలకి" అని నొక్కి, మళ్ళీ పడకుండా వేలు తీయకుండా అలాగే పట్టుకున్నాడు. పందెం కుదిరాక తాపీగా తాడు గుచ్చితే అవతల క్రేను నడిపే తీతు ఏడుస్తున్నాడు.

"తవిటన్నా, మన ఎర్రయ్య కాలు సక్రాల కింద పడిపోనాది... ఆసుపత్రికి లైనియ్యి! ఎంతసేపని తిప్పుతాం?"

ఎర్రయ్య తవిటయ్య భార్యకి తమ్ముడు. ఒక్కగానొక్క తమ్ముడు. ఆసుపత్రి గేటు దాటకుండానే ప్రాణం పోయింది. పది నిమిషాల ముందు తెచ్చుంటే బతికేవాడన్నాడు డాక్టరు.

లైను బాగాలేదని చెప్పాడు తవిటయ్య. గాలికి తీగలు కలిసిపోయాయన్నాడు. వైశాఖం గాలివానల రోజులు కాబట్టి అందరూ నమ్మారు. భార్య అప్పలనర్సమ్మ అయితే అతన్నే ఓదార్చింది. "లైను నేకపోతే నువ్వేటి సేస్తావు మావా? నువ్వు కుమిలిపోకు" అంది. ఆమె తిట్టినా బాగుండేది. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని ఏడాదంతా తిరిగాడు. అన్నం సహించక కాదు, సహిస్తున్నందుకే తన మీద తనకి అసహ్యం వేసేది.

అంతటితో ఊరుకున్నాడా అంటే అదీ లేదు. వర్క్‌షాపులో ఒక రివాజుంది. ప్రతి పనివాడికీ హాజరు వేయడానికి నంబరున్న ఇత్తడి టోకెను ఇస్తారు. మనిషి పోతే, పదో రోజున ఆ టోకెను చివరి రెండంకెల మీద అందరూ పందెం కాస్తారు. చచ్చినోడి టోకెను తప్పదంటారు. ఎర్రయ్య టోకెను చివర అరవై ఒకటి. తవిటయ్య కూడా కాశాడు. తగిలింది. ఆ డబ్బుతోనే ఎర్రయ్య ఫోటోకి అద్దం కట్టించి తెచ్చాడు. అప్పలనర్సమ్మ రోజూ దానికే దీపం పెడుతుంది. తన తమ్ముడి మీద మొగుడికి ఎంత ప్రేమో అని ఇరుగుపొరుగుతో చెప్పుకుంటుంది.

మూడూ పది అయింది. కిటికీలో వెలుగు తగ్గింది. వాయవ్యం మూల నుంచి కాటుక లాంటి మబ్బు లేచి షెడ్ల మీదికి వచ్చేసింది. కాకులు అరవడం మానేశాయి. పట్టపగలే గదిలో దీపం వేసుకోవలసి వచ్చింది, వేసిన నిమిషానికే కరెంటు పోయింది. బోర్డుకి బ్యాటరీ ఉంది కాబట్టి అదొక్కటీ పనిచేస్తోంది. చీకట్లో ముప్పై ఇత్తడి రేకులు మసకగా మెరుస్తున్నాయి. దూరంగా ఎక్కడో ఇనుప తలుపొకటి గాలికి కొట్టుకుంటోంది.

ఎల్లుండికి ఎర్రయ్య పోయి ఏడాది. ఏడాది తిరిగిన వారం కూడా టోకెను తగులుతుందని నిన్న కాంటీన్‌లో ఎవరో అన్నారు. వద్దనుకున్నాడు తవిటయ్య. సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసి మరీ వద్దనుకున్నాడు. అనుకుంటూనే బయటి లైను తాడు గుచ్చాడు.

"ఆర్థర్ దాదా, నేను. తవిటయ్యని."

"బోలో, బోలో. బేగి సెప్పు, టైమైపోతోంది."

"అరవై..."

టక్.

చీకట్లో ఒక రేకు పడింది. అగ్గిపుల్ల గీసి చూశాడు.

పదకొండు.

వీల్ షాపుకి తాళం. తాళానికి లక్క సీలు. డ్యూటీకి వస్తూ సెక్యూరిటీ వాళ్ళతో పాటు తనూ చూశాడు. లోపల పిట్ట కూడా లేదు. గాలికి తీగలు తగులుకున్నాయేమో! ఏడాది క్రితం తను చెప్పిన అబద్ధమే ఇప్పుడు తనకి ధైర్యం చెబుతోంది. బొటనవేలితో రేకుని నొక్కేశాడు.

"హలో? అరవై ఎంత?" అంటున్నాడు ఆర్థర్.

టక్.

అగ్గిపుల్ల ఆరిపోయింది. గదిలో ఏదో వాసన... గ్రీజు వాసన. ఇనుపరజను వాసన. దాని వెనకాల ఇంకో వాసన... పచ్చిగా, వెచ్చగా. అయినా తవిటయ్య మళ్ళీ నొక్కాడు. రేకు చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంది.

టక్.

మూడోసారి. వేలు దాని మీదికి వెళ్ళింది... ఆగింది. ఈ వేలే. ఇలాగే. అప్పుడు అవతల ఎర్రయ్య నేల మీద పడి ఉన్నాడు. తీతు పిడి తిప్పుతున్నాడు. తనేమో ఇక్కడ కూర్చుని అంకెలు ఏరుకుంటున్నాడు.

ఒక్కసారిగా ఏడుపొచ్చింది తవిటయ్యకి. రెండో తాడు తీసి పదకొండులో గుచ్చాడు.

ముందు ఏమీ లేదు. తర్వాత క్రేను గొలుసు చప్పుడు. గల్... గల్... గల్. మెల్లగా. ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారు. తీసి... ఆగి... తీసి...

"బావా..."

గుసగుస. చెవి లోపలే పుట్టినట్టుంది.

"బావా... లైనియ్యి."

"ఎర్రీ..." తవిటయ్య హెడ్‌ఫోనుని రెండు చేతులా చెవులకి అదుముకున్నాడు. "ఒరే ఎర్రీ... నన్ను సంపెయ్యరా..."

"ఆసుపత్రికి... లైనియ్యి బావా. బేగి."

ఆర్థర్ ఇంకా హలో హలో అంటున్నాడు. తవిటయ్య ఆ లైను తెంపి ఆసుపత్రికి కలిపాడు. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తింది. అప్పుడు ఆ గొంతు, తెరిపి తెరిపిగా, ఒక్కో మాటే చెప్పింది.

"నాలుగో లైను... ఎనభై రెండో క్వార్టరు. ఆడమనిషి... తలకి దెబ్బ. బండి పంపండి."

నాలుగో లైను ఎనభై రెండు తవిటయ్య ఇల్లు.

హెడ్‌ఫోను పీకి పారేసి బయటికి పరిగెత్తాడు. అప్పటికే వాన అందుకుంది. సైకిలెక్కితే గాలికి పక్కకి పడిపోతోంది. వీల్ షాపు ముందు నుంచే దారి. చూడకూడదనుకుంటూనే చూశాడు. పెద్ద తలుపు మూసే ఉంది. తాళం ఉంది. లక్క సీలు కూడా చెక్కుచెదరలేదు. లోపల మాత్రం ఎవరో ఫోను పిడి తిప్పుతున్నారు. గర్ర్... గర్ర్... ఆగకుండా.

క్వార్టరు చేరేసరికి గుమ్మంలో పక్కింటి జోగమ్మ ఒక్కతే నిలబడి ఉంది. వంటింటి రేకు గాలికి లేచి అప్పలనర్సమ్మ నెత్తిన పడిందట. నానెలా తేవాలి బండిని అని తను ఏడుస్తుండగానే ఆసుపత్రి బండి వచ్చి ఆమెని ఎక్కించుకుపోయిందట.

"నువ్వే పంపినావు కదా తవిటన్నా? నిచ్చేపంగా దేవుడివి నువ్వు" అంది జోగమ్మ.

దేవుడన్న మాట వినలేక తవిటయ్య సైకిలు ఆసుపత్రి వైపు తిప్పాడు.

ఆసుపత్రిలో అప్పలనర్సమ్మ తలకి కట్టు కట్టి పడుకోబెట్టారు. వార్డులో లాంతర్లు వెలిగించారు. బయట వాన తగ్గినా చూరు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. డ్యూటీలో ఉన్న రూతు సిస్టరు తెలుగామే. "నెత్తురు చాలా పోయింది. ఇంకో పది నిమిషాలైతే మా చేతుల్లో ఉండేది కాదు. ఫోను చేసినాయన మీ చుట్టమా?" అని అడిగింది. "లైనులో ఏదో గొలుసు చప్పుడు వచ్చింది. ఆయన మాట్లాడిన తర్వాత స్తంభాలు పడిపోయి ఫోన్లన్నీ చచ్చిపోయినాయి. ఆఖరి ఫోను అదే."

తవిటయ్య వెళ్ళి మంచం పక్కన కూర్చుని భార్య చేయి పట్టుకున్నాడు. ఆమె కళ్ళు తెరిచింది. నీరసంగా నవ్వింది కూడా.

"మావా, తమ్ముడొచ్చినాడు."

"ఎవరు?"

"మా ఎర్రిగాడు. బండి ఒచ్చేదాకా నా కాడే కూసున్నాడు. ఒళ్ళంతా గ్రీజు. అన్నం తింటావేటిరా అంటే తల అడ్డంగా ఊపినాడు."

"దెబ్బకి అలాగనిపిస్తాది నర్సీ. పడుకో."

"మాట్టాడలేదు కానీ, ఇలగ సేసి సూపినాడు." ఆమె చేయి విడిపించుకుంది. బొటనవేలిని తన ఎడమ అరచేతి మీద పెట్టి నొక్కింది. తీసి, మళ్ళీ నొక్కింది. మూడోసారి నొక్కి, వేలు తీయకుండా అలాగే పట్టుకుంది. "ఇదేటి మావా? నీకు తెలుస్తాదని అడిగినాను."

లాంతరు వెలుగులో ఆమె మొహంలో ఏ అనుమానమూ లేదు. నిజంగా తెలియకే అడుగుతోంది. ఏడాది క్రితం ఆ రోజు టెలిఫోను గదిలో తవిటయ్య తప్ప మరో మనిషి లేడు. చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. నేనే నీ తమ్ముణ్ణి చంపాను, పందెం కోసం చంపాను అని ఈ కాళ్ళ దగ్గర పడిపోవాలి. నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూస్తే ప్రాణం ఒప్పలేదు. ఈమె కూడా పోతే తనకెవరు?

"నాకేటి తెలుసు" అన్నాడు.

గోడ పక్కన సిస్టరు బల్ల మీద ఫోను మోగింది.

రూతు సిస్టరు ఉలిక్కిపడింది. "ఇది చచ్చిపోయింది కదా" అంటూ ఎత్తింది. విని, ఇటు తిరిగింది. "వీల్ షాపు నుంచట."

అప్పుడు గుర్తొచ్చింది తవిటయ్యకి. పరిగెత్తే తొందరలో తాళ్ళు తీయలేదు. ఒక కొస పదకొండులోనే ఉంది. ఇంకో కొస ఈ ఆసుపత్రి లైనులో ఉంది.

"నాకియ్యండమ్మా" అంది అప్పలనర్సమ్మ, దిండు మీంచి తల లేపుతూ. "మా తమ్ముడే. నాతో ఏటో సెప్పాలనుకున్నాడు."

సిస్టరు రిసీవరు పట్టుకుని, తీగ సాగినంత దూరం మంచం వైపు వచ్చింది. తవిటయ్య ఎప్పుడు లేచాడో, బల్ల దగ్గరికి ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు. తెలిసేసరికి అతని కుడిచేతి బొటనవేలు ఫోను లైను తెంపే మీట మీద ఉంది. నొక్కి, తీయకుండా అలాగే పట్టుకుని ఉంది.

అప్పలనర్సమ్మ ఆ వేలి వైపు చూసింది. తర్వాత తన అరచేతి మీద ఇంకా ఆనించి ఉన్న తన బొటనవేలు చూసుకుంది. మెల్లగా తలెత్తి మొగుడి మొహం చూసింది. ఇప్పుడామె మొహంలో నవ్వు లేదు.

తవిటయ్య ఇంకా గట్టిగా నొక్కాడు. గోరు తెల్లబడేదాకా నొక్కాడు.

సిస్టరు చేతిలో రిసీవరు లోంచి గొలుసు చప్పుడు ఆగలేదు. గల్... గల్... గల్. దాని వెనకాల, వార్డంతా వినబడేలా, ఎవరో ఊపిరి పీల్చుకుని మాట్లాడబోతున్నారు.

"అక్కా..."