ఉన్నదున్నట్టు చెప్పే దోర్కాస్

"నాలుగు కిలోలు ఎక్కువుంది. దించు."

దోర్కాస్ నాతో అన్న మొదటి మాట ఇదే.

కొండల మధ్య ఉన్న మా లోంగ్ సిరాన్ ఊరికి అప్పట్లో రోడ్డు లేదు, ఫోన్ లేదు. వారానికోసారి చిన్న విమానం వచ్చేది, అదీ మబ్బు ఒప్పుకుంటే. కొండ ఊటలోని ఉప్పునీళ్లు కాచి ఉప్పు తీయడం మా ఇంటి పని. ఆ ఉప్పును ఆకుల్లో కట్టి తరకాన్ పట్నంలో అమ్ముకొచ్చేవాణ్ణి. అన్నాళ్లూ కాటా దగ్గర పాదన్ మామ ఉండేవాడు. ఆ రోజు వాళ్లమ్మాయి దోర్కాస్ కూర్చుని ఉంది.

"నాలుగు కిలోలకే విమానం పడిపోతుందా?" అన్నాను.

"పడిపోయాక నిన్ను అడగడానికి కుదరదుగా! ఉప్పు దిగాలా, నువ్వు దిగాలా?"

"నన్ను ఇంకా తూచనేలేదు."

"అయితే ఎక్కు."

ఎక్కాను. ముల్లు చూసి, వరసలో చివరివాడికి కూడా వినబడేలా చదివింది. "యూదన్, అరవై తొమ్మిది! పోయిన నెల నాన్న రాసింది అరవై ఆరు."

వెనకున్న ముసలావిడ పకపకా నవ్వింది. "ఉప్పు మీద ఎందుకే కోపం? వీడు తిన్న అడవిపంది మాంసం దించమను!"

చెవులు వేడెక్కాయి. ఒక మూట గట్టు మీద విసిరేసి ఎక్కి కూర్చున్నాను. విమానం కదులుతుండగా చినుకులు మొదలయ్యాయి. కిటికీలోంచి చూస్తే ఆ పిల్ల నా మూటను చంకనెత్తుకుని చూరు కిందికి పరిగెడుతోంది. ఉప్పు తడుస్తుందని.

కోపం సగం అక్కడే పోయింది. మిగతా సగం పోగొట్టుకోవడానికి రోజూ విమానాల మైదానానికి వెళ్లడం మొదలుపెట్టాను.

"మళ్లీ ఏం పని?" అనేది.

"గేదెలు మైదానంలోకి వచ్చాయేమో చూద్దామని."

"మీకు గేదెల్లేవుగా?"

"ఊళ్లోవాళ్లవి మనవి కావా?"

పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకునేది. తర్వాత చెక్కల గదిలో రేడియో ముందు కూర్చుని పట్నానికి వాతావరణం చెప్పేది. ఉత్తరాన రెండు కొండల మధ్య, ఏరు పారే చోట, ఒక సందు ఉంది. విమానం రావాలంటే దాంట్లోంచే రావాలి. సందు కనిపిస్తే రావచ్చు, లేకపోతే లేదు.

"మామ రేడియో ఎందుకు మానేశాడు?" అని ఒక వానరోజు అడిగాను.

మైకు పక్కన పెట్టింది. "వదినకి కాన్పు కష్టమైంది. సందు సగమే కనిపిస్తోంది. నాన్న పూర్తిగా కనిపిస్తోందని చెప్పాడు. విమానం చెట్ల కొనలు గీసుకుంటూ దిగింది. ఎవరికీ ఏం కాలేదు. కానీ ఆ రోజు నుంచి మైకు పట్టుకుంటే నాన్న చెయ్యి వణికేది."

ఆ మాట విన్నాను గానీ, అప్పుడు నా బుర్రకెక్కలేదు.

వరి పొట్టకొచ్చే రోజుల్లో మా అమ్మకు కడుపునొప్పి పట్టింది. మూడోనాటికి ఒళ్లు కాలిపోతోంది, ముట్టుకోనివ్వడం లేదు. మా ఊరి మగనర్సు చూసి నన్ను బయటికి పిలిచాడు.

"అపెండిక్స్ అనుకుంటా తమ్ముడూ. లోపల పగిలిందంటే నా వల్ల కాదు. ఇవాళే పట్నం చేర్చాలి."

వెదురు మంచం కట్టి అమ్మను నలుగురం మైదానానికి మోసుకొచ్చాం. వాన రెండు రోజులుగా వదల్లేదు. పట్నంలో విమానం నడిపే కెప్టెన్ ఇంజన్ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. యాభై నిమిషాల ప్రయాణం. దోర్కాస్ ఒక్క మాట చెప్తే చాలు.

ఆమె గుమ్మంలో నిలబడి ఉత్తరం వైపు చూస్తోంది. అక్కడ కొండల్లేవు. తెల్లటి గోడ ఉంది.

"సందు మూసుకునే ఉంది," అంది మైకులో.

"దోర్కాస్, కనిపిస్తోందని చెప్పు."

"కనిపించట్లేదు యూదన్."

"ఆయన వచ్చేసరికి తెరుచుకుంటుంది!"

"తెరుచుకోకపోతే?"

"అక్కడ పడుకుంది మా అమ్మ!"

"ఆ విమానంలో వచ్చేవాడికీ అమ్మ ఉంది," అంది.

"నీకు మనసు లేదు. రాయివి," అన్నాను. అందరూ విన్నారు. ఆమె మొహం తిప్పుకుని రేడియో ముందు కూర్చుంది.

గంట గడిచింది. రెండు గడిచాయి. అమ్మ మూలగడం మానేసింది. మూలిగినప్పటికంటే అదే ఎక్కువ భయమేసింది. ఎవరో ఆకులో చుట్టిన అన్నం తెచ్చిచ్చారు. నేను ముట్టలేదు, దోర్కాస్ కూడా ముట్టలేదు. పది నిమిషాలకోసారి వానలో మైదానం చివరిదాకా వెళ్లి, చూసి, తలొంచుకుని వచ్చేది. నాలుగు దాటితే ఇక విమానం రాదు.

రెండున్నరకు ఆమె కేక వినిపించింది. వాన పలచబడింది. సందులో నీలం కొండ కనబడుతోంది.

"తెరుచుకుంది! రండి కెప్టెన్, తొందరగా రండి!"

పరిగెత్తి గేదెల్ని మైదానం నుంచి తరిమాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి. నలభై నిమిషాలు బాగానే గడిచింది. తర్వాత కుడి కొండ మీంచి మబ్బు జారడం మొదలుపెట్టింది. నా కళ్ల ముందే సందు సన్నబడుతోంది.

అప్పుడు ఇంజన్ చప్పుడు వినిపించింది. ఎక్కడినుంచో తెలీదు. ఆ తెల్లదనం లోపల ఒక మనిషి ఉన్నాడు, మేం పిలిస్తే వచ్చినవాడు. గదిలోకి దూరి, "దోర్కాస్, వెనక్కి తిప్పేయమను," అన్నాను.

ఆమె తలెత్తి నావైపు చూసింది. కళ్లనిండా నీళ్లు. మైకు నొక్కింది.

"కెప్టెన్, కుడివైపు మూసుకుపోతోంది. ఎడమవైపు ఏటి మీద ఖాళీ ఉంది. వంతెన దాకా స్పష్టంగా కనిపిస్తోంది. వంతెన అవతల కనిపించట్లేదు. మీ ఇష్టం."

గరగరమని శబ్దం. తర్వాత ఆయన గొంతు. "ఒక్కసారి ఏటి వెంట చూస్తాను. కుదరకపోతే వెళ్లిపోతా."

మబ్బు అంచు కింద నుంచి, ఏటికి ఆనుకుని, తెల్లటి రెక్క బయటికొచ్చింది.

దోర్కాస్ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. నేను ఆమె దగ్గరకు వెళ్లలేదు. అమ్మను ఎక్కించాలి, నిమిషాల్లో ఎగరాలి. క్షమించమని అడిగే వ్యవధి కూడా లేకపోయింది.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నాడు డాక్టరు. నాలుగో రోజు అమ్మ గంజి తాగింది. నేను పట్నంలోని రేడియో గదికి వెళ్లాను. మైకు తీసుకోవడానికి జంకాను. కొండల్లో ప్రతి ఊరూ ఆ రేడియో వింటుంది మరి.

"లోంగ్ సిరాన్. చెప్పండి," అంది ఆమె గొంతు, ఎవరో పరాయివాడితో మాట్లాడినట్టు.

"నేను యూదన్‌ని. అమ్మ బాగుంది."

"దేవుడి దయ. ఇంకా?"

"ఆ రోజు నేనన్న మాట... తప్పు. క్షమించు."

"విన్నాను. ఇంకా?"

మైకు మరో చేతికి మార్చుకున్నాను. మధ్యలో వేరే ఊరి ముసలాయన గొంతు దూరింది. "త్వరగా చెప్పవయ్యా బాబూ! పొయ్యి మీద అన్నం మాడుతోంది, నేను కదల్లేకపోతున్నాను."

"నిన్ను పెళ్లి చేసుకోవాలనుంది," అనేశాను.

గరగర. గరగర. ఏ ఊరూ మాట్లాడలేదు.

చివరికి ఆమె అంది, "అలాంటివి రేడియోలో అడుగుతారా? ఇంటికొచ్చి అడుగు." టక్కున కట్టేసింది.

అది అవునో కాదో తేల్చుకోలేక పదకొండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు.

ఊరు చేరిన మర్నాడే అమ్మ కర్ర పట్టుకుని నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. పొయ్యి చుట్టూ కూర్చున్నాం. దోర్కాస్ కాఫీ గ్లాసులు పెట్టి వాళ్లమ్మ వెనక్కి వెళ్లిపోయింది. నావైపు చూడనే లేదు.

పాదన్ మామ పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "అబ్బాయ్, తల్లి అక్కడ చావుబతుకుల్లో ఉంటే, విమానాన్ని వెనక్కి తిప్పమన్నావట. నిజమేనా?"

"నిజమే మామా."

"కోడలి కాన్పు రోజు ఆ మాట నా నోటికి రాలేదు," అన్నాడు మెల్లగా. "నీకొచ్చింది. మా అమ్మాయినివ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. దాన్నడుగు."

అందరూ దోర్కాస్ వైపు తిరిగారు.

"రాయి అన్నాడు నాన్నా, ఊరందరి ముందూ. నాకింకా కోపం పోలేదు."

"ఎప్పటికి పోతుంది?" అని అడిగాను భయంగా.

"ఏమో. కోతలయ్యేదాకా పట్టొచ్చు." వాళ్లమ్మ వెనకనుంచి వచ్చి, కాఫీ గ్లాసు నా ముందుకు జరిపింది. "పెళ్లి ఆ తర్వాత పెట్టుకుంటే సరిపోతుంది."

అమ్మ ఒక్కసారిగా నవ్వి, వెంటనే రెండు చేతులతో కడుపు పట్టుకుంది.

"నవ్వించకే తల్లీ, కుట్లు పచ్చిగా ఉన్నాయి!" అంటూ, నొప్పితో కళ్లనీళ్లు కారుతున్నా నవ్వుతూనే, దోర్కాస్ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.