దొంగగ్రహాలు

చంద్రుడి అవతలి వైపున ఊళ్ళు వెలిసి పాతికేళ్ళు దాటింది. అక్కడ పిల్లలు బడికి కూడా గాలిసంచి తగిలించుకునే వెళతారు. పుట్టినరోజున కొవ్వొత్తి వెలిగిస్తే జరిమానా వేస్తారు. హైమవతికి మాత్రం ఆ ఊరి సంగతులేవీ పట్టవు. అక్కడి పరిశోధన కేంద్రంలో కొత్త గ్రహాల కోసం వెతికే ఆమె ప్రాణమంతా దూరంగా అంతరిక్షంలో తేలుతున్న నీడగొడుగు మీదే.

ఎదురుగా వచ్చే బండి లైటు కళ్ళలో పడితే మనం చెయ్యి అడ్డం పెట్టుకుంటాం. నీడగొడుగు చేసేదీ అదే. సూర్యుడిలాంటి నక్షత్రానికి అది అడ్డం నిలిస్తే, గొడుగు వెనకున్న టెలిస్కోపుకు ఆ నక్షత్రానికి బహుదూరంగా తిరిగే మహాగ్రహం చిన్న చుక్కలా కనబడుతుంది. ఆ పైన గొడుగును కదల్చకుండా నెలల తరబడి చూసి, చుక్క నక్షత్రంతో పాటే కదులుతోందని తేల్చుకోవాలి.

ఒకసారి హైమవతి తొందరపడి, వెనకెక్కడో ఉన్న మామూలు నక్షత్రాన్ని గ్రహమని ప్రకటించి నవ్వులపాలైంది. ఆ అవమానంతోనే గీటురాయి అనే యంత్రాన్ని తయారుచేసింది. అది అప్పుడప్పుడు ఫొటోల్లో తనే ఒక దొంగగ్రహాన్ని గీసిపెడుతుంది. చూసినవాళ్ళు ‘నిజం’ అని అందరికీ ప్రకటించాకే గుట్టు విప్పుతుంది. ‘దొంగ’ అంటే మాత్రం పెదవి విప్పదు. విప్పితే దాని పోకడ పసిగట్టేస్తారని హైమవతే ఆ నియమం పెట్టింది.

“అక్కా, చుక్క దిట్టంగా ఉంది. పెద్ద గ్రహాల మీదుండే మీథేన్ వాయువు కూడా కనబడతంది,” అన్నాడు గొడుగు నడిపే ఇంజనీరు యాకూబ్. “ఇంధనం అడుగంటింది, ఇంకొక్క పనికే సరిపోద్ది. ఇక్కడే నిలుపుదామా, మన జాబితాలో మిగిలిన ఆ ఒక్క నక్షత్రం దగ్గరికి పోనిద్దామా?”

“మీథేన్ గీయడం గీటురాయికి రాదనుకున్నావా? మొదట్లోనే మూడుసార్లు నన్ను వెర్రిదాన్ని చేసింది.”

“ఈసారి నిజమైతేనో?”

ఒక్క గ్రహమైనా దొరక్కపోతే కేంద్రం మూసేస్తారు, ఆమె బతుకంతా బూడిదపాలే.

“గీటురాయీ, నీకు దణ్ణం పెడతాను. ఇది నువ్వు గీసిందేనా?”

“చెప్పకూడదండీ. మీరు పెట్టిన నియమమే.”

ఇంకోసారి నవ్వులపాలయ్యే ఓపిక ఆమెకు లేదు. “దొంగే. పోనివ్వు,” అంది ఏడుపు దిగమింగుకుంటూ.

గొడుగు కదిలింది. కొత్త నక్షత్రం దగ్గర ఏమీ కనబడలేదు. ఉన్న కాస్త ఇంధనమూ అయిపోయింది.

“ఇక నియమం లేదు, ఏమీ లేదు. చెప్పు,” అంది హైమవతి నీరసంగా. “ఆ చుక్క నీదేగా?”

“కాదండీ.”

ఆమె గబుక్కున లేచింది. “మరి అంతకు ముందు మేం దొంగలని వదిలేసినవి?”

“మొదటి ఆ మూడింటి తర్వాత, ఈ ఆరేళ్ళలో నేనొక్కటీ గీయలేదండీ. మీ నమ్మకాన్ని పరీక్షించమని కదా నన్ను చేశారు. మీరు దేన్నీ నమ్మడం మానేశాక ఇక పరీక్షించడానికి ఏముంది?”

యాకూబ్ తలపట్టుకున్నాడు. ఒక్కదాని దగ్గరికి కూడా వెనక్కి వెళ్ళి చూసే దారి లేదు. ఆరేళ్ళుగా తను వద్దు పొమ్మన్న చుక్కలు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే, హైమవతి గుండెలు బాదుకుంటూ నేలమీద కూలబడిపోయింది.