బ్లూ మ్యూల్ ఐదు డాలర్ల చిప్

శనివారం ఉదయం పదకొండూ ఇరవై. వర్జిల్ టాలివర్ వేళ్ళ మధ్య ఉన్న క్యాసినో జూదపు చిప్‌ను జానెడెత్తు నుంచి బల్లమీదికి వదిలాడు.

టప్.

మళ్ళీ తీశాడు. అంచు తడిమాడు. మళ్ళీ వదిలాడు.

టప్.

"ఇది నాది కాదు," అన్నాడు. "నా చిప్‌ని ఎవరో మార్చేశారు."

గదిలో ఉన్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిప్ చూస్తే అదే చిప్. అదే నీలం, అదే కంచరగాడిద బొమ్మ, అదే బంగారు అంకె. తేడా ఉన్నా అది వర్జిల్ కళ్ళకు కనబడే వీలు ఎలాగూ లేదు. ఆయనకు చూపు పోయి పదిహేనేళ్ళయింది.

పన్నెండూ పదికి రీనో పోలీస్ డిటెక్టివ్ మాయితే ఎచెబెరీ ఆ ఇంటి మెట్లెక్కింది. కేసు ఆమెకే ఎందుకొచ్చిందంటే, స్టేషన్‌లో ఇంకెవరూ తీసుకోలేదు కాబట్టి. ఎనభై మూడేళ్ళ అంధుడు ఐదు డాలర్ల చిప్ కోసం పోలీసులకు ఫోన్ చేశాడంటే డ్యూటీ సార్జెంట్‌కు నవ్వాగలేదు. "నీకు ముసలాళ్ళంటే ఓపిక కదా, వెళ్ళిరా," అని కాగితం ఆమె బల్లమీద పడేశాడు.

వర్జిల్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. చుట్టూ గోడల నిండా చెక్క అరలు. అరల నిండా చిప్‌లు. నెవాడాలో మూతబడిన ప్రతి క్యాసినో తాలూకు జ్ఞాపకం అక్కడ ఒకటో రెండో ఉంది.

"చూడకుండా మీది కాదని ఎలా చెప్పగలరు?" అడిగింది మాయితే.

"మీ అమ్మ ఫోన్ చేస్తే పేరు అడుగుతావా, అమ్మాయ్?"

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. అరలోంచి ఒక చిప్ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఎలా ఉంది?"

"గరుగ్గా. సుద్దముక్కలా."

"పాత మట్టి చిప్. వదులు."

టప్.

"ఇప్పుడిది."

నున్నగా, చల్లగా, బరువుగా ఉంది. వదిలితే టంగుమంది.

"ఇప్పటి ప్లాస్టిక్. లోపల లోహపు బిళ్ళ ఉంటుంది, అందుకే ఆ మోత. ఇదిగో ఇది సిరామిక్. పింగాణీ పళ్ళానికి గోరు తగిలినట్టు టిక్కుమంటుంది. మట్టి చిప్ మాత్రం మోగదు. ఒక్క బ్లూ మ్యూల్ క్యాసినోది తప్ప."

"అదెందుకు మోగుతుంది?"

"ఆ మట్టిలో ఏం కలిపారో దేవుడికే తెలియాలి. పంతొమ్మిదివందల అరవై ఒకటిలో ఆ క్యాసినో తగలబడ్డప్పుడు చిప్‌లన్నీ పొడిపొడి అయిపోయాయి. మిగిలింది నాదొక్కటే. వదిలితే గాజుగ్లాసుకి చెంచా తగిలినట్టుండేది." ఆయన వంటింటి వైపు మొహం తిప్పాడు. "ఓపల్ నాకిచ్చిన మొదటి టిప్పు అది. నేనక్కడ పేకముక్కలు పంచే డీలర్ని. సుసాన్‌విల్ నుంచి బస్సులో వచ్చి, నా బల్ల దగ్గర పదిహేను డాలర్లు గెలిచి, ఐదు నాకిచ్చేసింది. ఆ పిల్లనే చేసుకున్నాను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఓపల్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. అవి ఎప్పుడో ఆరిపోయాయి.

"అమ్మాయ్," అన్నాడు వర్జిల్ గొంతు తగ్గించి. "కళ్ళు పోయాయి, సరే. వేళ్ళూ చెవులూ మిగిలాయనుకున్నాను. నాది పొరపాటైతే నాలో ఇంకేం మిగల్లేదన్నమాట. అది తేల్చి చెప్పు. చిప్ దొరక్కపోయినా ఫరవాలేదు."

మాయితే అలాగేనంది.

ప్రతి శనివారం ఆ గదిలో చేరే చిప్‌లు సేకరించేవాళ్ళ క్లబ్‌కు సెక్రటరీ లోవెల్ ప్రెంటిస్ ఆమెను వరండాలోకి పిలిచాడు. బొద్దుగా ఉంటాడు, చొక్కామీద కేకు పొడి.

"చూడండి, ఆఫీసర్. వర్జిల్ మా అందరికీ గురువే. కానీ పోయిన నెల నన్ను మా చచ్చిపోయిన అన్నయ్య పేరు పెట్టి పిలిచాడు. అర్థమైందిగా?"

"ఆ చిప్ ఎప్పుడు బయటికి తీశారు?"

"పదిన్నరకి. నేనూ, ఆ కొత్తమ్మాయి కొరిన్ చూశాం."

"తర్వాత?"

"పదకొండూ ఐదుకి ఓపల్ కాఫీ కేకు తెచ్చింది. లేచి కేకు దగ్గరికి వెళ్ళాం."

"అందరూ ఒకేసారా?"

"నేనే ముందు," అన్నాడు లోవెల్ సిగ్గులేకుండా.

కొరిన్ హాస్‌కు నలభై ఉంటాయి. క్లబ్‌లో చేరి నాలుగు నెలలు. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టునని చెప్పింది. అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు. మాయితే "ప్రస్తుతానికి అంతే," అనగానే కొరిన్ బల్ల దగ్గర్నుంచి లేచింది. లేస్తూ రెండు చేతులూ ఒకసారి చిన్నగా చరిచి, అరచేతులు పైకీ కిందికీ తిప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఊళ్ళో అది తుమ్మినంత మామూలు.

"మీ క్లబ్‌కి రిజిస్టరేమైనా ఉందా?" మాయితే లోవెల్‌ను అడిగింది.

"లేకపోవడమేంటి! వచ్చిన ప్రతి చిప్ బరువూ, మోతా రాస్తాం. వర్జిల్ చెబుతాడు, నేను రాస్తాను."

ఆమె ఉత్తరాలు తూచే చిన్న కాటా తెప్పించుకుంది. బల్లమీది చిప్‌ను తూచింది. అదే కంపెనీ అదే ఏడాది పోసిన వేరే క్యాసినోల చిప్‌లు ఏడు తీయించి వాటినీ తూచింది. తర్వాత రిజిస్టరు వెనక్కి తిరగేసుకుంటూ వెళ్ళింది. పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళాక ఒక పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది.

లేచి వెళ్ళి స్టేషన్‌కు ఫోన్ చేసింది. పత్రికలో ఒక మరణవార్త వెతకమంది. పది నిమిషాల్లో జవాబొచ్చింది.

రెండూ ఐదుకు అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది.

"టాలివర్ గారూ, మీరు చెప్పింది నిజం. చిప్ మారింది."

వర్జిల్ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. లోవెల్ నోరు తెరిచాడు.

"రిజిస్టర్లో మీ చిప్ బరువు పది పాయింట్ ఆరు గ్రాములు. ఇది తొమ్మిది పాయింట్ ఒకటి. ఇదే బరువుతో, 'మోత లేదు' అన్న మాటతో ఒక బ్లూ మ్యూల్ ఇంతకుముందొకసారి ఈ బల్లమీదికి వచ్చింది. తెచ్చినవాడు ఎవరెట్ క్విల్. పక్కన ఎర్రసిరాతో నకిలీ అని రాశారు."

"ఎవరెట్!" వర్జిల్ మొహం బిగుసుకుంది. "ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు. నన్నే మోసం చెయ్యబోయాడు. ఇరవై మంది ముందు గెంటించాను."

"మార్చిలో ఆయన పోయారు. మరణవార్తలో ఒక కూతురి పేరుంది. కొరిన్ హాస్. డౌన్‌టౌన్‌లో బ్లాక్‌జాక్ డీలర్." మాయితే ఆమె వైపు తిరిగింది. "చేతుల్లో చిప్‌లేవీ దాచలేదని అలా చూపించి లేచేది క్యాసినో డీలర్లు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేవాళ్ళు బల్ల దగ్గర్నుంచి లేస్తూ కెమెరాకు అరచేతులు చూపించరమ్మా."

కొరిన్ తన చేతులవైపు చూసుకుంది. పర్సు తెరిచి రెండో చిప్ తీసి బల్లమీద పెట్టింది.

"దొంగతనం చెయ్యాలని కాదు," అంది. "ఈయన మా నాన్న చిప్‌ని చేత్తో పట్టుకుని, ఇది నాదే అని నోటితో అనాలి. అప్పుడు నేనెవరో చెబుదామనుకున్నా. రెండోసారి కూడా కాదనే అన్నాడు."

"నకిలీని నకిలీ అనక ఏమంటానే!" వర్జిల్ అరిచాడు.

మాయితే కాటా వైపు చూసింది. ఇక్కడితో ఆపేస్తే కేసు తేలిపోతుంది, ముసలాయన గెలుస్తాడు. కానీ ఎదురుగా ఆ కూతురు కూర్చుని ఉంది.

"టాలివర్ గారూ. మట్టి చిప్ మోగదని చెప్పింది మీరే. అదే కంపెనీ చిప్‌లు ఏడు తూచాను. అన్నీ తొమ్మిది, తొమ్మిదింబావు. ఒక్కటీ మోగలేదు. మీది మాత్రం మోగింది. పోలికకు ఇంకో బ్లూ మ్యూల్ లేదు కాబట్టి, మీ చిప్ ఎలా ఉంటే బ్లూ మ్యూల్ అలా ఉంటుందని అందరూ నమ్మారు. అసలు మోగేది ఎప్పుడు? లోపల లోహం ఉంటేనే కదా?"

వర్జిల్ పెదాలు కదిలాయి.

"ఇత్తడి," అంది ఓపల్.

అందరూ అటు తిరిగారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇత్తడి బిళ్ళ, వర్జిల్. పక్కనున్న స్పార్క్స్ ఊళ్ళో ఒక అచ్చులు చేసేవాడు ఫోటో చూసి పోశాడు. నేనిచ్చిన చిప్ ఆ క్యాసినోతోబాటే కాలిపోయింది. నువ్వు రెండు నెలలు అన్నం సరిగ్గా తినలేదు. పాత కోటు జేబులో దొరికిందని అబద్ధం చెప్పా. నువ్వు చిన్నపిల్లాడిలా ఎగిరావు. ఇంక ఎలా చెప్పను?"

"ఎవరెట్ వచ్చిన రోజున?" వర్జిల్ గొంతు వినీ వినబడకుండా ఉంది. "ఆ రోజు నీకు తెలుసా?"

"తెలుసు. కాఫీ పట్టుకుని ఇక్కడే ఉన్నా." ఆమె మొహం కప్పుకుంది. "నోరు తెరిస్తే నువ్వు విరిగిపోతావనుకున్నా. పదకొండేళ్ళు పాపం మోశాను."

"నేను విరిగిపోతే నువ్వు అతికించేదానివి, ఓపల్. వాణ్ణి ఎవరు అతికించారు?"

ఓపల్ ఏడ్చింది.

లోవెల్ రిజిస్టరు మూసేశాడు. "వర్జ్, అతను అమ్మడానికి కూడా రాలేదు," అన్నాడు మెల్లగా. "'నీదానికి జత దొరికిందోయ్, ఉంచుకో' అన్నాడు. నేనే పక్కనున్నా. మరి నువ్వు నకిలీ అన్నావని నేనూ అదే రాశా."

వర్జిల్ బల్ల తడిమి ఎవరెట్ చిప్ తీసుకున్నాడు. ఈసారి దాన్ని వదల్లేదు. గరుకు అంచు మీద బొటనవేలు తిప్పుతూ ఉండిపోయాడు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అమ్మాయ్ కొరిన్," అన్నాడు చివరికి. "ఆ తర్వాత మీ నాన్న శనివారాలు ఏం చేసేవాడు?"

"ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకి టై కట్టుకునేవాడు. కారులో కూర్చునేవాడు. స్టార్ట్ చేసేవాడు కాదు. పన్నెండయ్యాక లోపలికొచ్చి, మీటింగు బాగా జరిగిందని అమ్మకి చెప్పేవాడు. మేం చూడనట్టే ఉండేవాళ్ళం."

మాయితే నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకుంది. ఫిర్యాదు సంగతి ఎవరూ ఎత్తలేదు.

వర్జిల్ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. పడిపోతాడేమోనని లోవెల్ భుజం పట్టుకుంటే విదిలించుకున్నాడు.

"ఫోన్ చెయ్యి, లోవెల్. ఆ రోజు ఈ గదిలో ఉన్న ఇరవై మందిలో బతికున్నవాళ్ళందర్నీ పిలువు. ఎల్కోలో ఉన్నా, టొనోపాలో ఉన్నా రమ్మను. వాళ్ళ ముందే అన్నాను, వాళ్ళ ముందే చెబుతాను. ఎవరెట్ తెచ్చింది అసలుది. దొంగ సరుకు పెట్టుకుని కూర్చున్నది నేను. ఒక్కొక్కడూ వినాలి."

లోవెల్ ఫోన్ దగ్గరికి కదిలాడు.

"నాన్న వినడు కదండీ," అంది కొరిన్.

లోవెల్ ఫోన్ చేతిలో పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. వర్జిల్ ఆమె గొంతు వినిపించిన వైపు మొహం తిప్పి, ఎవరెట్ చిప్‌ను గుప్పెట్లో బిగించి నిలబడ్డాడు.