ఎవరి బటన్ వాళ్లే నొక్కాలి

"కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఏంటో తెలుసా చెల్లెమ్మా? పరుగెత్తడం. చీకటి కనిపిస్తే చాలు, ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతారు. ఆగాలి. ముందు చెవులు వాడాలి. తుపాకీ సంగతి తర్వాత."

హెడ్‌ఫోన్లో మేస్త్రీ గొంతు తేనె పూసినట్టు ఉంది. ఎదుటి మనిషికి ఏదైనా నేర్పేటప్పుడు అతనికి లోకం కనిపించదు. సరిగ్గా అందుకే ఆమె ఈ ఆట నేర్చుకుంటోంది.

ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు పట్టి, పగలే గదిలో దీపం వేసుకోవాల్సి వచ్చింది. పక్క గదిలో అమ్మ పడుకుంది. ఇది అన్నయ్య గది, అన్నయ్య కంప్యూటర్, అన్నయ్య కుర్చీ. ఎన్నిసార్లు ఉతికినా కిటికీ తెరకి గ్రీజు వాసన పోలేదు. గోడకి మేకు, మేకుకి ఒక చిన్న తాళంచెవి. పనికిరాని తాళంచెవి. దాని తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. పొద్దస్తమానం దుమ్ములో గింజలేరుతున్నట్టు చిన్న గాజు ముక్కల మీద వంగి ఉంటుందని అన్నయ్య ఆమెకి పిచ్చుక అని పేరు పెట్టాడు. ఆటలో కూడా ఆ పేరే పెట్టుకుంది. అన్నయ్య పేరు ఆటలో గ్రీజు. అతను లిఫ్టు మెకానిక్కు.

ఆట ఆడటానికి పైసా కట్టక్కర్లేదు, అందుకే అన్నయ్య పనిచేసిన సైట్లో అందరి ఫోన్లలోకీ చేరింది. నలుగురు ఒక జట్టు. పాడుబడ్డ గనిలోకి దిగాలి. అక్కడ కళ్లు లేని పిశాచాలు చప్పుడు విని మీదికొస్తాయి. వాటిని కాల్చి, లోపలి పెట్టెలు తెచ్చుకుని, లిఫ్టెక్కి బయటపడాలి. ఇప్పుడు జట్టులో ఉన్నది అన్నయ్యతో కలిసి పనిచేసిన మేస్త్రీ, వైర్‌మన్, ఇంకా పిచ్చుక. నాలుగోవాడు గ్రీజు.

అవును, గ్రీజే. మనిషి పోయినా ఆటలో అతని పేరు తీసెయ్యలేదు. ఏళ్ల తరబడి ఆడి అతను సంపాదించుకున్న హోదా, ఆయుధాలు పక్కనుంటే జట్టుకి అన్నీ రెట్టింపు వస్తాయి. అందుకని మేస్త్రీ తన రెండో ఫోన్లో గ్రీజు పేరుతో చేరి, ఆ బొమ్మని గని గేటు దగ్గర ఊరికే నిలబెడతాడు. చచ్చినవాణ్ణి కూడా కూలికి పంపుతున్నాడని పిచ్చుకకి మొదటిరోజే ఒళ్లు మండింది. అయినా కిమ్మనలేదు. ఆమెకి కావలసింది వేరే ఉంది.

సైట్లో లిఫ్టు గుంతలోకి దిగేవాళ్లు ముందు మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి తలా ఒక తాళం వేసుకోవాలి. ముగ్గురు దిగితే మూడు తాళాలు. పైకొచ్చాక ఎవరి తాళం వాళ్లే తీసుకోవాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆఖరి తాళం ఊడేదాకా కరెంటు ఇవ్వడం ఎవరి తరమూ కాదు. అన్నయ్య తన తాళానికి ఎర్రరంగు పూసుకున్నాడు. ఆ రోజు అతను గుంతలో ఉండగానే లిఫ్టు కిందికి దిగింది. తన తాళం తనే తీసేసి, మర్చిపోయిన టార్చి కోసం మళ్లీ దిగాడని మేస్త్రీ చెప్పాడు. వైర్‌మన్ తలాడించాడు. సొంత నిర్లక్ష్యం అని రాసేసి ఆఫీసువాళ్లు చేతులు దులుపుకున్నారు. తాళం దొరకలేదు. తాళంచెవి మాత్రం బొత్తాం పెట్టిన చొక్కా జేబులో భద్రంగా దొరికింది.

పడుకునే ముందు గ్యాసు కట్టేశామా అని రెండుసార్లు లేచి చూసే మనిషికి నిర్లక్ష్యమా? పలకరించడానికి వచ్చిన చుట్టాలు కూడా "పాపం, తన తప్పేనటగా" అనేసరికి అమ్మ గడప దాటడం మానేసింది. ఇంటికొచ్చి అడిగితే మేస్త్రీ నీళ్లు నమిలేవాడు. ఆటలో అయితే ఒళ్లు మరిచి వాగుతాడు. ఎప్పటికైనా ఆ నోటినుంచి నిజం జారకపోదా అని ఆమె ప్రతి ఆదివారం ఈ కుర్చీలో కూర్చుంటోంది.

"ఇవాళ డ్యూటీ లేదా మేస్త్రీగారూ?" అంది. అందరిలా అన్నా అని పిలవడానికి ఆమెకి నోరు రాదు.

"డ్యూటీలోనే ఉన్నాను. ఆఫీసు బిల్డింగు, పురుగు కూడా లేదు. లిఫ్టుని పై అంతస్తులో ఆపేసి లోపల స్టూలేసుకున్నాను. ఫ్యాను గాలి హాయిగా ఉంది. వీడేమో పైన మెషిన్ రూమ్‌లో దోమలతో కాపురం చేస్తున్నాడు."

"నవ్వు నవ్వు," అన్నాడు వైర్‌మన్. "కరెంటు నా చేతిలో ఉంది, మర్చిపోకు."

ముగ్గురూ గనిలోకి దిగారు. మేస్త్రీ చెప్పుకుపోతున్నాడు. "బుల్లెట్లు దాచుకోకు, ఖాళీ అయినవాడి కాళ్ల దగ్గర పడెయ్యి. వాడు బతికితేనే నువ్వు బతుకుతావు. పడిపోయినవాణ్ణి లేపేముందు ఒకసారి వెనక్కి చూడు. వంగినప్పుడు నీకు వెనక కళ్లుండవు. అన్నిటికంటే ముఖ్యం, జట్టుని వదిలి పోకు. మీ అన్న అదే అనేవాడు."

ఆమె పళ్లు బిగించి, "ఊ," అంది.

పెట్టెలు తీసుకుని లిఫ్టు దగ్గరికి చేరారు. లిఫ్టు తలుపు పైన నాలుగు ఎర్ర దీపాలు. నలుగురూ ఎక్కడున్నా తమ తెర మీద తలా ఒక బటన్ నొక్కితే నాలుగూ పచ్చబడతాయి, అప్పుడే లిఫ్టు కదులుతుంది. మేస్త్రీ దీపం పచ్చబడింది. వైర్‌మన్‌ది పచ్చబడింది. గేటు దగ్గర ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డ గ్రీజు దీపం కూడా పచ్చబడింది.

"అన్నయ్య బటన్ ఎవరు నొక్కారు?"

"నేనే, రెండో ఫోన్లో. ఒక్కొక్కడి కోసం కాసుక్కూర్చుంటే పని తెమలదు చెల్లెమ్మా. సైట్లోనూ అంతేగా! అందరి తాళంచెవులకీ నకళ్లు చేయించి పెట్టుకున్నా. సాయంత్రం టక టకా అన్నీ నేనే తీసి పారేసేవాణ్ణి. మీ అన్న ఒక్కడే గొణిగేవాడు, ఎవరి తాళం వాళ్లే..."

ఆగిపోయాడు.

వానచినుకులు కిటికీ రేకు మీద పడుతున్నాయి. ఇన్నాళ్లుగా ఎదురుచూసిన మాట ఇంత తేలిగ్గా, ఫ్యాను కింద కూర్చుని, సరదాగా వచ్చేసింది.

"ఆ రోజు కూడా మీరే తీశారా?"

"ఆట మీద చూపు పెట్టు చెల్లెమ్మా."

"అన్నయ్య తాళం మీరే తీశారా మేస్త్రీగారూ?"

అప్పుడే గ్రీజు దీపం మళ్లీ ఎర్రబడింది.

"ఒరేయ్, ఇదేంట్రా?" అన్నాడు మేస్త్రీ. "రెండో ఫోను చార్జింగ్ అయిపోయింది. తెర నల్లగా ఉంది."

"మరి గ్రీజు నడుస్తున్నాడేంటన్నా?" అన్నాడు వైర్‌మన్ మెల్లగా.

నడుస్తున్నాడు. గేటు దాటి, సొరంగంలోకి, తొందర లేకుండా. మలుపులో తలుపు దగ్గర ఆగి రెండుసార్లు వంగి లేచాడు. పిచ్చుక గది తలుపు రెండుసార్లు తట్టిగాని అన్నయ్య ఏనాడూ లోపలికొచ్చేవాడు కాదు. ఆటలో తలుపు తట్టడం కుదరదని ఇలా వంగి లేచేవాడు. ఆమెకి మొదట భయం వెయ్యలేదు. ఏడుపొచ్చింది. గ్రీజు నేరుగా ఆమె ముందుకొచ్చి, ఆమె కాళ్ల దగ్గర మందుపెట్టె పడేశాడు.

"అన్నయ్యా..." అంది, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి.

గ్రీజు వెనక్కి తిరిగాడు. లిఫ్టు పక్కన నోరు తెరుచుకున్న చీకటి గుంత ఉంది. అందులోకి దిగిపోయాడు. ఎక్కడో కింద దబ్బుమంది.

ఒకరు పడిపోయారు, అంది ఆటలోని గొంతు. ఒకరు పడిపోయారు. ఆ మాట ఒక్కసారే చెప్పాలి. చెబుతూనే ఉంది.

"ఆట కట్టెయ్యండ్రా," అన్నాడు మేస్త్రీ.

ఎవరెంత నొక్కినా ఆట ఆగలేదు. హెడ్‌ఫోన్లో ఇంతసేపూ వినపడుతున్న ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. మేస్త్రీ ఊపిరి మాత్రం దగ్గరగా వినిపిస్తోంది.

"ఒరేయ్, లిఫ్టులో కరెంటు పోయింది. చీకటిగా ఉంది. సరసాలొద్దు, స్విచ్ వెయ్యి."

"నేను కట్టలేదన్నా... స్విచ్ దానంతటదే పడింది... దానికి తాళం ఉంది."

"ఎవరి తాళం?"

"ఎర్రరంగు తాళం."

ఆ తర్వాత ఫోను నేలన పడ్డ చప్పుడు. మెట్ల మీద పరుగు. దూరమై, ఇక వినపడలేదు.

"ఆ తాళాన్ని కాలవలో పారేశాను," అన్నాడు మేస్త్రీ. ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియదు. "నా చేత్తో పారేశాను..."

టక్. టక్.

రెండే దెబ్బలు. తలుపు మీద కాదు. కింద. అతని కాళ్ల కింద.

"చెల్లెమ్మా, విన్నావా?"

"విన్నాను."

"ఇది పై అంతస్తు. కింద ఏముంటుంది? ఏమీ ఉండదు... ఖాళీ..."

టక్. టక్.

మేస్త్రీ ఏడవడం మొదలుపెట్టాడు. "నేనే తీశానమ్మా. పైకొచ్చేశాడనుకున్నాను. అందరివీ తీసినట్టే తీశాను. చూడలేదు. పిలవలేదు. తర్వాత భయమేసి వాడి మీదికి తోసేశాను. నాకూ పిల్లలున్నారు. ఆ తాళంచెవి నీ దగ్గరుంది కదూ? తీసుకురా తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

ఆమెలో ఇన్నాళ్లుగా మరుగుతున్నదంతా ఒక్కసారి పొంగింది. "నేనెలా తీస్తాను మేస్త్రీగారూ? ఎవరి తాళం వాళ్లే తీయాలి కదా," అంది. ఆ క్షణంలో అతను పడిపోవాలని కోరుకుంది. మనసారా కోరుకుంది.

అతను చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. ఆ వెక్కిళ్లు వింటుంటే ఆమెకి అమ్మ గుర్తొచ్చింది. ఈ మాట విన్నది తనొక్కతే. చెవులకున్న హెడ్‌ఫోన్ దాటి ఒక్క అక్షరం ఎవరికీ చేరలేదు. అతను బతికి ఉంటేనే అన్నయ్య పేరు బతుకుతుంది.

"రేపు ఆఫీసులో అందరి ముందూ చెప్తారా? మా అమ్మ ముందు చెప్తారా?"

"చెప్తాను. ఒట్టు. ఎవరి ముందైనా చెప్తాను. రామ్మా, తొందరగా..."

"వస్తున్నాను. కదలకండి."

లేవబోతూ తెర వైపు చూసింది. గనిలో లిఫ్టు తలుపు తెరిచి ఉంది. లోపల మేస్త్రీ బొమ్మ నిలబడి ఉంది. దాని వెనక గ్రీజు. పడిపోయినవాణ్ణి ఎవరూ లేపలేదు. అయినా లేచి వచ్చాడు. తలుపు పైన మూడు దీపాలు పచ్చగా వెలుగుతున్నాయి. ఒక్కటే ఎర్రగా ఉంది. ఆమెది.

ఆమె చేతులు రెండూ ఒళ్లోకి లాక్కుంది.

"వద్దన్నయ్యా," అంది. "చెప్తానన్నాడు. అందరి ముందూ చెప్తానన్నాడు. విను... నీ కోసమే..."

గ్రీజు రెండుసార్లు వంగి లేచాడు.

నాలుగో దీపం పచ్చబడింది.

"నేను నొక్కలేదు," అందామె. గట్టిగా అరిచింది. "నేను నొక్కలేదు!"

హెడ్‌ఫోన్లో, చాలా దగ్గరగా, తాళం ఊడిన చప్పుడు. ఫ్యాను తిరిగింది. "వచ్చింది, కరెంటు వచ్చింది తల్లీ," అన్నాడు మేస్త్రీ ఏడుస్తూ నవ్వుతూ. ఆ నవ్వు సగంలో ఉండగానే లిఫ్టు కదిలింది. దిగడం కాదు అది. ఇనప తాళ్లు కీచుమన్నాయి. అతని గొంతు కిందికి... కిందికి... ఇంకా కిందికి వెళ్లి, ఆగిపోయింది.

అన్నీ ఆగిపోయాయి.

ఆమె హెడ్‌ఫోన్ తీసేసింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, రేగిన జుట్టుతో.

"ఎందుకే అలా అరిచావు? ఏం నొక్కలేదు? ఎవరేమన్నారు?"

అన్నయ్య తప్పు లేదమ్మా అని చెప్పాలి. ఎవరు చెప్పారని అమ్మ అడుగుతుంది. చుట్టాలు అడుగుతారు. ఆఫీసువాళ్లు అడుగుతారు. ఎవరి పేరు చెప్పాలి? ఆ నోరు ఇక లేవదు. రేపు మేస్త్రీ గురించి కూడా సొంత నిర్లక్ష్యం అనే రాసి చేతులు దులుపుకుంటారు.

అమ్మ ఆమెని చూడటం లేదు. గోడ వైపు చూస్తోంది.

కిటికీ మూసే ఉంది. గాలి లేదు. మేకుకి ఉన్న తాళంచెవి ఊగుతోంది, ఎవరో ఇప్పుడే తగిలించి వెళ్లినట్టు. దాని నిండా నల్లటి గ్రీజు. అమ్మ దగ్గరికెళ్లి వేలితో తాకింది.

"తడిగా ఉందే," అంది.